ఆటల ఉత్తరాలు: వచ్చినవాళ్లు సరే, ఉన్నవాళ్లెవరు?

2025 పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిపోయింది, చుట్టాలు ఊళ్లకు వెళ్లిపోయారు, ఉత్తరాల కట్ట విప్పి కూర్చున్నాను. ఎప్పుడూ క్రికెట్, కబడ్డీ, వెయిట్ లిఫ్టింగ్ తప్ప ఇంకోటి అడగని మన జిల్లాల పాఠకులు ఈసారి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీద పడ్డారు. కారణం తెలుస్తూనే ఉంది. పండక్కి వీడియో కాల్‌లో కనబడిన పిల్లలు చొక్కాల మీద ఏవో కాలేజీ బొమ్మలు వేసుకుని "నవంబర్ 3 నుంచి సీజన్ నాన్నా" అని చెప్పి పెట్టేశారు, ఇక్కడ తల్లిదండ్రులకు సగం అర్థమై సగం కాక నాకు రాశారు.

ప్ర: మాస్టారూ, మావాడు హ్యూస్టన్ యూనివర్సిటీలో ఎంఎస్ రెండో ఏడాది. చదువు సంగతి అడిగితే రెండు ముక్కలు, బాస్కెట్‌బాల్ సంగతి అడక్కుండానే ఇరవై ముక్కలు చెబుతాడు. పోయినసారి కప్పు రెండు పాయింట్లతో పోయిందట, ఈసారి కాన్ఫరెన్స్ తమదేనట. కాన్ఫరెన్స్ అంటే ఇన్నాళ్లూ మీటింగ్ అనుకున్నాను. అసలు ఏటండీ ఇది?
— ఒక తండ్రి, ఆమదాలవలస

జ: మీటింగ్ కాదు లెండి. మన యూనివర్సిటీల ఆటలకు సౌత్ జోన్ అనీ ఈస్ట్ జోన్ అనీ ఉంటాయి కదా, అక్కడ గట్టెక్కినవాళ్లు ఆలిండియాకు వెళ్తారు. ఇంచుమించు అదే పద్ధతి. కాకపోతే మన జోన్ టోర్నమెంటు కొద్దిరోజుల్లో ముగిసిపోతుంది, వాళ్లది రెండు నెలలకు పైగా సాగే సంసారం. కొన్ని కాలేజీలు జట్టు కట్టి, టీవీ వాళ్లతో బేరం తామే కుదుర్చుకుని, షెడ్యూలు తామే వేసుకుని, తమలో తాము ఆడుకుంటాయి. ఆ కట్టునే కాన్ఫరెన్స్ అంటారు. పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఇలాంటివి 31 ఉన్నాయి, వాటన్నిట్లో కలిపి 360కి పైగా కాలేజీలు.

మీవాడి కాలేజీ ఉన్నది బిగ్ 12లో. పేరులో 12, లోపల 16. నవ్వకండి, బిగ్ టెన్ అని ఇంకోటి ఉంది, అందులో 18. బిగ్ 12 వాళ్లు 1996లో ఆట మొదలుపెట్టినప్పుడు నిజంగానే 12 మందే, తర్వాత పోయేవాళ్లు పోయారు, వచ్చేవాళ్లు వచ్చారు, 2023లో హ్యూస్టన్‌తో కలిపి నాలుగు, 2024లో ఆరిజోనా వైపు నుంచి ఇంకో నాలుగు కాలేజీలు చేరాయి, పేరు మాత్రం మార్చలేదు. దానివల్ల వచ్చిన తంటా ఏమిటంటే దూరాలు. వెస్ట్ వర్జీనియా కాలేజీ ఉన్న మోర్గన్‌టౌన్ నుంచి ఆరిజోనా స్టేట్ ఉన్న టెంపీకి విమానం దారిలో దాదాపు 2900 కిలోమీటర్లు. మన ఇచ్ఛాపురం నుంచి గాల్లో ఢిల్లీ వెళ్లి వెనక్కి వచ్చేసినా ఇంకా మిగులుతుంది. మంగళవారం రాత్రి అక్కడ ఆడి, శనివారం ఇంకో టైమ్ జోన్‌లో ఆడి, మధ్యలో క్లాసులకు వెళ్లాలి, అదీ వాళ్ల పాట్లు. ఈ ఏడాది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లను 20 నుంచి 18కి తగ్గించారు, మంచి పనే.

ఇక మీవాడు చెప్పిన రెండు పాయింట్లు. అది 2025 ఏప్రిల్ 7 సంగతి, శాన్ ఆంటోనియోలో అన్ని కాన్ఫరెన్స్‌ల వాళ్లూ కలిసి ఆడే జాతీయ టోర్నమెంటు ఫైనల్, ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. రెండో సగంలో ఒక దశలో హ్యూస్టన్ 12 పాయింట్లు ముందుంది. చివరి క్షణాల్లో బంతి ఎమాన్యుయెల్ షార్ప్ చేతిలో ఉంది, మూడు పాయింట్ల గీత బయట నుంచి వేద్దామని గాల్లోకి లేచాడు, ఫ్లోరిడా గార్డు (బంతి నడిపించే ఆటగాడు) వాల్టర్ క్లేటన్ ఎదురుగా వచ్చి పడ్డాడు. వేస్తే బ్లాక్ అయిపోతుంది, బంతితో కిందికి దిగితే ట్రావెలింగ్ అనే తప్పు, బంతి అవతలివాళ్లకు పోతుంది. అందుకని గాల్లోనే బంతిని వదిలేశాడు. అది నేలమీద పడి ఎగురుతోంది, తాను ముట్టుకుంటే తప్పు, తోటివాళ్లెవరైనా అందుకోవాలి, ఈలోగా గడియారం తిరిగిపోతోంది, తన బంతి తన కళ్లముందే ఎగురుతుంటే షార్ప్ దాని పక్కన నిలబడిపోయాడు. టైమ్ అయిపోయింది. షాటే పడలేదు. ఆ కుర్రాడు ఈ ఏడాది మళ్లీ అదే జట్టులో ఉన్నాడు. మీవాడి ధీమాకు అసలు కారణం అదే, వాడికి ఆ సంగతి తెలుసో లేదో గానీ.

ప్ర: సార్, ఈసారి కొత్తగా వస్తున్న రిక్రూట్ల గురించి యూట్యూబ్‌లో తెగ చూస్తున్నా. డిబాన్సా గొప్పా, పీటర్సన్ గొప్పా? మా హాస్టల్లో రోజూ గొడవే. తేల్చెయ్యండి.
— డిగ్రీ విద్యార్థి, రాజాం

జ: తేల్చేస్తే మీ హాస్టల్లో రాత్రిళ్లు ఏం తోస్తుంది బాబూ? అయినా చెబుతాను, కానీ నాకు తోచిన వరసలో చెబుతాను.

ఏజే డిబాన్సాది మసాచుసెట్స్‌లోని బ్రాక్‌టన్. 6 అడుగుల 9 అంగుళాలు, అంత పొడుగులో ఉండి గార్డులా బంతి ఆడిస్తూ వస్తాడు. స్కూలు చివరి ఏడాది యూటాకు మారాడు, అక్కడే ఉన్న బ్రిగమ్ యంగ్‌లో చేరాడు, అందరూ బీవైయూ అంటారు. పేరున్న పాత కాలేజీలన్నీ పిలిచినా అటు వెళ్లడానికి ఒక కారణం కోచ్ కెవిన్ యంగ్. ఆయన ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో, ఫీనిక్స్ సన్స్ జట్టుకు అసిస్టెంటుగా చేసి వచ్చాడు, ఈ కుర్రాడి చూపు కూడా ఎన్‌బీఏ మీదే. డారిన్ పీటర్సన్‌ది ఒహాయోలోని కాంటన్. ఆరున్నర అడుగుల గార్డు, చేరింది కాన్సస్. వీడియోల్లో గమనించావో లేదో, డిబాన్సా ఆట కంటికి ఇంపుగా ఉంటుంది, పీటర్సన్ ఆటలో హడావుడే కనబడదు, ఆగి, డిఫెండర్ బరువు ఏ కాలి మీద పడిందో చూసుకుని, అప్పుడు రెండో వైపు వెళ్తాడు. నాకు రెండోవాడంటే ఇష్టం. మీ గొడవలో నన్ను ఆ పక్షాన వేసుకో. ఇద్దరితో సమానంగా చెప్పుకునే మూడోవాడు కామెరాన్ బూజర్, పాత ఎన్‌బీఏ ఆటగాడు కార్లోస్ బూజర్ కొడుకు, డ్యూక్‌లో చేరాడు, అది వేరే కాన్ఫరెన్స్. నవంబర్ 18 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కాన్సస్‌కు డ్యూక్‌కు మ్యాచ్ ఉంది, మనకు 19 పొద్దున్న. దానికి మూడు రోజుల ముందు బోస్టన్‌లో బీవైయూ, కనెక్టికట్ ఆడతాయి, అంటే డిబాన్సా సొంతూరి పక్కనే.

ఇదే బిగ్ 12లో ఆరిజోనాకు కోవా పీట్ వచ్చాడు, తండ్రి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో ఆడినవాడు, వీడి భుజాలు చూస్తే వేరే చెప్పక్కర్లేదు. నవంబర్ 3నే లాస్ వేగాస్‌లో ఆరిజోనా మొదటి మ్యాచ్ ఎవరితో అనుకున్నావు? డిఫెండింగ్ ఛాంపియన్ ఫ్లోరిడాతో. కొత్తగా చేరిన పిల్లాడికి మొదటి రోజే ఫైనల్ పరీక్ష. హ్యూస్టన్‌కు ఒకేసారి ముగ్గురు మంచి కుర్రాళ్లు వచ్చారు, ఏడడుగులకు దగ్గరగా ఉండే క్రిస్ సెనాక్, ఐజయా హార్‌వెల్, కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్.

ఇప్పుడు అసలు మాట. వీళ్లందరివీ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులు. స్కూలు పిల్లల మీద 30 పాయింట్లు వేసినవాడు, ఇరవై మూడేళ్ల మనిషి మోచేయి డొక్కలో తగులుతుంటే ఎన్ని వేస్తాడో ఎవరికీ తెలియదు. పైగా వీళ్లు ఉండేది ఒక్క ఏడాది. 2005లో ఎన్‌బీఏ వాళ్లు పెట్టుకున్న నిబంధన ప్రకారం డ్రాఫ్టులోకి, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలోకి రావాలంటే 19 ఏళ్లుండాలి, స్కూలు వదిలి ఏడాది కావాలి. ఆ ఏడాది గడపడానికి కాలేజీ. అద్దెకు దిగినవాడు ఇల్లు పాడుచెయ్యకపోవచ్చు గానీ కొబ్బరిచెట్టు మాత్రం నాటడు కదా. నేను ప్రివ్యూ చదివేటప్పుడు ముందు వచ్చినవాళ్ల పేరా వదిలేసి, ఉన్నవాళ్లెవరు అన్న పేరా చదువుతాను. ఆ పేరా ఎప్పుడూ చిన్నగా, అడుగున ఉంటుంది.

అలా చదివితే కాన్సస్ దగ్గర గుండె దడదడలాడుతుంది. పోయినేడాది ఆడినవాళ్లలో చెప్పుకోదగ్గవాడు ఫ్లోరీ బిడుంగా ఒక్కడే మిగిలాడు, వాడు కూడా సామాన్లు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. హ్యూస్టన్‌కు షార్ప్, మిలోస్ ఉజాన్, జోసెఫ్ టగ్లర్ ముగ్గురూ ఉన్నారు. ఫైనల్ ఆడిన ముగ్గురు ఉండగా, ఆ పక్కన ముగ్గురు కొత్త పిల్లలు నేర్చుకుంటూ ఆడడం వేరు, ఒక్క కుర్రాడి భుజం మీద కావడి పెట్టేసి నడవమనడం వేరు.

ప్ర: ఈ కుర్రాళ్లకు ఫైవ్ స్టార్, ఫోర్ స్టార్ అని ఇచ్చేది ఎవరు? హోటళ్లకిచ్చినట్టు ప్రభుత్వమా?
— పీఈటీ మాస్టారు, చీపురుపల్లి

జ: ప్రభుత్వం కాదు, వెబ్‌సైట్ల వాళ్లు. వేసవిలో షూ కంపెనీలు నడిపే టోర్నమెంట్లు ఉంటాయి, స్కూలు జట్లు కాదు, క్లబ్బు జట్లు. అక్కడ ఒకే హాల్లో నాలుగైదు కోర్టులు పక్కపక్కనే నడుస్తుంటాయి, స్కౌట్లు కుర్చీలు వేసుకుని చూసి స్టార్లు వేస్తారు. మొత్తం మీద తప్పులేమీ కాదు, పైనున్న పదిమందిలో ఎక్కువమంది ఎన్‌బీఏ దాకా వెళ్తూనే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్ల దగ్గరే లెక్క తప్పుతుంది.

మీరూ నేనూ ఒకే కాలం వాళ్లం కాబట్టి ఒకటి చెబుతాను. నేను ఐదడుగుల ఆరంగుళాల గార్డుని. ఒకసారి సెలక్షన్‌కు వెళ్తే, ఎక్కడో చెప్పను, గోడమీద సుద్దతో గీత గీసి ఒక్కొక్కణ్ణీ నిలబెట్టారు. గీత దాటినవాడు ఇటు, దాటనివాడు అటు. బంతి మా చేతికి ఇవ్వనేలేదు. గీత దాటినవాళ్లలో ఒకడు నాకు బాగా స్నేహితుడు, కరణాల పిల్లాడు, తాటిచెట్టంత ఉండేవాడు. బంతి విసిరితే చేతులతో కాకుండా గుండెతో పట్టేవాడు. మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చేశారు. తిరిగొచ్చాక వాడే నాతో అన్నాడు, "ఒరే, నన్ను తీసుకెళ్లి ఆ గోడని వదిలేశారు, గోడే నయం, బంతి తిరిగొస్తుంది" అని.

ప్ర: మా దగ్గర సంక్రాంతి కబడ్డీ పోటీలకు ఊరి పేరు పెట్టుకుని బయటి ప్లేయర్లను తెచ్చి ఆడిస్తారు. పోయినేడు మా మీద ఆడినవాడే ఈ ఏడు మా జెర్సీ వేసుకుంటాడు. అమెరికాలోనూ ఇదే తంతు అని మా అల్లుడు చెప్పాడు. నిజమా?
— కబడ్డీ పిచ్చోడు, పొందూరు

జ: మీ అల్లుడు అబద్ధం చెప్పలేదు. ఒకప్పుడు అక్కడ కాలేజీ మారితే ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని పెట్టారు, పేరు అందులో నమోదు చేసుకుంటే ఏ కోచ్ అయినా మాట్లాడవచ్చు. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో ఎన్నిసార్లు మారినా పర్వాలేదన్నారు, చదువు సరిగ్గా ఉంటే చాలు. ఈలోగా 2021 జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, బొమ్మ వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చని తలుపు తీశారు. 2025 జులై నుంచి అయితే కాలేజీయే నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం ఒక్కో కాలేజీకి 2025-26లో గరిష్ఠంగా దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి. మన లెక్కలో సుమారు 180 కోట్ల రూపాయలు. మీ పోటీల్లో గెలిచినవాళ్లకు పొట్టేలు ఇస్తారు కదా, ఎన్ని పొట్టేళ్లో లెక్క మీరే కట్టుకోండి.

దీన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం సగమే తిడతాను. కోచ్ ఎక్కువ జీతం కోసం రాత్రికి రాత్రి కాలేజీ మారితే ఎవరూ ఏమీ అనలేదు, హాలు నిండా జనం కూర్చున్న డబ్బు ఏళ్ల తరబడి కాలేజీకి పోయింది, ఆడినవాడికి ఫీజు, హాస్టలు, తిండి. ఇప్పుడు వాడి వాటా వాడు అడుగుతున్నాడు. మీ ఊరి కబడ్డీలో కూడా బయటి ప్లేయరు డబ్బు తీసుకుంటే తప్పేమీ లేదు, మీ ఊళ్లో రోజూ మట్టిలో ప్రాక్టీసు చేసిన కుర్రాడు గట్టు మీద కూర్చుని చూడాల్సి వస్తోంది చూడండి, అదీ బాధ. మిగతా సగం తిట్టు దానికి.

కానీ డబ్బు ఇంకో పని కూడా చేసింది, అది ఎవరూ అనుకోనిది. ఆటగాణ్ణి ఆపింది. టెక్సాస్ టెక్‌లో జేటీ టాపిన్ అని ఉన్నాడు, పోయినేడు బిగ్ 12లో ఉత్తమ ఆటగాడు. వాడూ న్యూ మెక్సికో నుంచి పోర్టల్‌లో వచ్చినవాడే. పాతరోజులైతే ఎన్‌బీఏకి పోయేవాడు. కాలేజీలోనే మంచి డబ్బు వస్తుంటే తొందరేమిటని ఉండిపోయాడు. పక్కన క్రిస్టియన్ ఆండర్సన్ అనే గార్డు కూడా ఉన్నాడు. 2025 మార్చిలో వీళ్లు ఫ్లోరిడా మీద దాదాపు గెలిచేశారు, 84-79తో పోయింది, అది గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్స్. నా లెక్కలో హ్యూస్టన్ తర్వాత వీళ్లే.

ప్ర: మ్యాచ్‌లు మనకు ఏ టైముకి వస్తాయి?
— టిఫిన్ సెంటర్ యజమాని, ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం

జ: హ్యూస్టన్‌లో జనవరి రాత్రి 8 గంటలంటే మనకు మర్నాడు పొద్దున్న 7.30. మీ దగ్గర ఇడ్లీ రెండో వాయి దిగే వేళ. టీవీ పెట్టండి, జనం ఒక ప్లేటు ఎక్కువే తింటారు.

ప్ర: నమస్కారమండీ. మా అబ్బాయి ఇక్కడ బీటెక్ చేసి ఆరిజోనాలో ఎంఎస్‌కు వెళ్లాడు. ఆరడుగుల ఒక అంగుళం. అక్కడ జిమ్ములో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే ఎవరో "నువ్వు కాలేజీ జట్టులో ప్రయత్నించు, డబ్బులు కూడా వస్తాయి" అన్నారట. అప్పటినుంచి నాకు టెన్షన్. వీసాకు ఏమైనా అవుతుందా?
— ఒక అమ్మ, శ్రీకాకుళం

జ: ఆడినందుకు ఏమీ కాదమ్మా, నిశ్చింతగా ఉండండి. జిమ్ములో విద్యార్థులు సరదాగా ఆడుకునే పోటీలు వేరే ఉంటాయి, ఇంట్రామ్యూరల్స్ అంటారు, అందులో ఎవరైనా ఆడవచ్చు. హాయిగా ఆడుకోమనండి, పప్పు అన్నం అరుగుతుంది.

కాలేజీ జట్టు సంగతి వేరు. స్కాలర్‌షిప్పు లేకుండా వచ్చి ప్రయత్నించేవాణ్ణి వాక్ ఆన్ అంటారు, అలాంటివాళ్లు ఉంటారు, నిజమే. కానీ జట్టుకు 15 మందే అని ఇప్పుడు హద్దు పెట్టారు కాబట్టి ఆ చోటు కూడా ఇరుకైపోయింది. దాని పైన ఇంకో చిక్కు. అక్కడ ఆడే అర్హతకు ఐదేళ్ల గడువు ఉంటుంది, ఆ గడువు మొదటిసారి ఏ కాలేజీలో ఫుల్ టైమ్ చేరితే ఆరోజే మొదలైపోతుంది, అమెరికా కాలేజీ అనేమీ లేదు. మన బీటెక్ నాలుగేళ్లు అందులోనే కరిగిపోయాయి. మిగిలింది మహా అయితే ఒక్క ఏడాది, అదీ పోటీలో కోవా పీట్ లాంటివాళ్లు.

డబ్బు దగ్గరికి వస్తే మాత్రం మీ భయం న్యాయమైనదే. ఎఫ్‌-1 అనే స్టూడెంట్ వీసా గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మన జిల్లాలో ప్రతి వీధికీ ఒక అనుభవజ్ఞుడైన తండ్రి ఉన్నాడు. అమెరికా గడ్డమీద ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే అది పని కిందికి వస్తుంది, ఎఫ్‌-1 మీద ఆ పని కుదరదు. పెద్ద ఆటగాళ్లకే ఈ తిప్పలు తప్పలేదు. కెంటకీలో కాంగో నుంచి వచ్చిన ఓస్కార్ చీబ్వే అని ఉండేవాడు, దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు, ఊరంతా బ్రహ్మరథం పట్టేది, తోటివాళ్లు ప్రకటనలు చేసుకుంటుంటే తాను చూస్తూ కూర్చోవాలి. 2022 ఆగస్టులో జట్టు బహమాస్ వెళ్తే, అమెరికా దాటి వచ్చాం కదా అని అక్కడ ఆ పని ముగించుకున్నాడు. మీవాడు జిమ్ములో ఆడుకోవడం, అసైన్‌మెంట్లు రాసుకోవడం, ఆదివారం మీకు ఫోన్ చెయ్యడం, ఈ మూడూ సరిగ్గా చేస్తే చాలు.

ప్ర: బాస్కెట్‌బాల్ కనిపెట్టినాయనకు కాన్సస్‌తో ఏదో సంబంధం ఉందని క్విజ్‌లో అడిగారు, చెప్పలేకపోయాను.
— రిటైర్డ్ ఉద్యోగి, కోట దగ్గర, విజయనగరం

జ: జేమ్స్ నైస్మిత్. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేని కుర్రాళ్లకోసం పీచ్ పళ్ల బుట్టలు రెండు వ్యాయామశాల గోడకు కొట్టించి ఈ ఆట మొదలెట్టాడు. బంతి పడ్డప్పుడల్లా ఎవరో ఎక్కి తియ్యాలి. తర్వాత కాన్సస్ వెళ్లి ఆ కాలేజీకి మొదటి కోచ్ అయ్యాడు. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ల కాన్సస్ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే, 55 గెలుపులు, 60 ఓటములు. మన వీధిలో కూడా అంతే, పేకాట నేర్పినాయన జేబు ఎప్పుడూ ఖాళీ.

ప్ర: సార్, నేను ఇంటర్ మొదటి ఏడాది. 5 అడుగుల 10 అంగుళాలు. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నాను. మా కాలేజీ కోర్టులో ఒక రింగుకు నెట్ లేదు, రెండో రింగు కింద బైకులు పెడతారు. ఇక్కడినుంచి అమెరికా కాలేజీలో ఆడడం జరిగే పనేనా? ఇంట్లో నవ్వుతున్నారు.
— ఒక అమ్మాయి, విజయనగరం

జ: నవ్వనీ తల్లీ, నవ్వినంతమాత్రాన ఎత్తు తగ్గదు కదా.

జరిగే పనే, అయితే సులువు కాదు. మన దేశం నుంచి వెళ్లిన అమ్మాయిలు ఉన్నారు. పంజాబ్ నుంచి హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియాగో యూనివర్సిటీకి, బెంగళూరు నుంచి సంజనా రమేష్ నార్తర్న్ ఆరిజోనాకు డివిజన్ వన్ ఆడడానికి వెళ్లారు. అబ్బాయిల్లో సత్నామ్ సింగ్ కాలేజీ మెట్టు ఎక్కకుండానే 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్టులో 52వ వాడిగా పేరు పిలిపించుకున్నాడు. వీళ్లలో చాలామందికి చిన్నప్పుడే ఏదో అకాడమీ దొరికింది, నీకు దొరికింది బైకుల స్టాండు. అది కూడా లెక్కలో వేసుకుని మాట్లాడుకుందాం.

మొదటిది మార్కులు. డివిజన్ వన్‌కు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా 16 కోర్ సబ్జెక్టులు చూస్తారు, సగటు వాళ్ల లెక్కలో నాలుగుకు 2.3 ఉండాలి. మన పిల్లలకు ఇది కష్టం కాదు. కష్టమెక్కడంటే, ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్ అని ఏడాది, మళ్లీ ఇంకో ఏడాది కూర్చుంటారు చూడు, అక్కడ. స్కూలు చదువు ముగిశాక వాళ్లు ఇచ్చే వెసులుబాటు ఒక ఏడాదే, ఆ తర్వాత పోటీల్లో ఆడితే అర్హతలో కోత పడుతుంది. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పు.

రెండోది వీడియో. అందరూ పడిన బాస్కెట్లన్నీ ముక్కలు అతికించి, వెనకాల పాట పెట్టి పంపుతారు. కోచ్‌లకు అది అక్కర్లేదు. ఒక మ్యాచ్ మొత్తం, కోతల్లేకుండా, స్టాండ్స్ పై వరస నుంచి ఎవరిచేతనైనా తీయించు. బంతి నీ దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నావో చూస్తారు వాళ్లు, నీ తప్పు పాస్ తర్వాత వెనక్కి పరిగెత్తావా, నడుము మీద చేతులు పెట్టి నిలబడ్డావా అని చూస్తారు. మెయిల్ నువ్వే రాయి, లక్షలిస్తే సీటు ఇప్పిస్తామనే ఏజెంట్ల మాట వినకు.

మూడోది నెట్. నవ్వుతావేమో గానీ, నెట్ లేని రింగు మీద ఆడితే అంచుకు తగలకుండా పడిన బంతికీ పక్కనుంచి పోయిన బంతికీ తేడా కొంచెం దూరం నుంచి కంటికి ఆనదు, చేతికి గురి కుదరదు. మా రోజుల్లో కళింగపట్నం నుంచి చిరిగిన చేపల వల ముక్క తెచ్చి, రింగు కొక్కేలకు పురికొసతో కట్టుకున్నాం. కొత్తలో కొంచెం వాసన వచ్చేది, రెండు వానలు పడ్డాక పోయింది. బంతి పడితే సుయ్‌మని శబ్దం. ఆ శబ్దం కోసమే సాయంత్రం వంద ఫ్రీ త్రోలు వేసేవాణ్ణి. నువ్వూ రోజుకు వంద వేసి, ఎన్ని పడ్డాయో నోట్‌బుక్కులో తేదీతో రాసుకో. మూడు నెలల తర్వాత ఆ లెక్క నాకు పంపు.

అమెరికా కుదరకపోతే మన దారి ఉండనే ఉంది. డిగ్రీలో చేరాక అంతర్ కళాశాల పోటీలు, అక్కడినుంచి యూనివర్సిటీ జట్టు, సౌత్ జోన్, ఆలిండియా, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు చాలావరకు ఆ సర్టిఫికెట్ల మీదే వస్తాయి. మీ ఇంట్లోవాళ్లకు ఈ వాక్యం మాత్రం చదివి వినిపించు, మిగతాది నీ దగ్గరే ఉంచుకో.

ప్ర: కబుర్లు చాలు మాస్టారూ. బిగ్ 12 ఎవరిదో చెప్పండి. తప్పితే పెసరట్టు ఉప్మా మీ ఖర్చు.
— ముగ్గురు స్నేహితులు, ఘంటస్తంభం, విజయనగరం

జ: హ్యూస్టన్. పోయినేడు కాన్ఫరెన్స్‌లో 19 గెలిచి ఒక్కటే ఓడారు. కోచ్ కెల్విన్ శాంప్సన్‌కు 2025 అక్టోబరు 5తో 70 నిండాయి, ఆయన ప్రాక్టీసులో రింగు మీద మూత లాంటిది బిగిస్తాడు, ఎవరు వేసినా బంతి లోపల పడకుండా. ఇక బయటికి ఎగిరిన బంతి కోసం పది మందీ కుమ్ముకోవాల్సిందే. కొత్తగా వచ్చిన ముగ్గురు కుర్రాళ్లకు స్కూల్లో రింగులో వెయ్యడమే అలవాటు, ఆ మూత చూసి డిసెంబరు దాకా బిక్కమొహం వేస్తారు, జనవరికి అలవాటు పడతారు. ఈలోపు షార్ప్, ఉజాన్, టగ్లర్ బండి లాగుతారు.

రెండు టెక్సాస్ టెక్. మూడు బీవైయూ, అదీ డిబాన్సా ఒక్కణ్ణి చూసి కాదు, రిచీ సాండర్స్ అనే పాతకాపు ఇంకా ఉన్నాడు కాబట్టి, పైగా వాళ్ల ప్రోవో సముద్రమట్టానికి 4500 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడికి ఆడడానికి వెళ్లినవాళ్లకు రెండో సగంలో ఊపిరి అందదు. నాలుగు ఆరిజోనా. ఐదు అయోవా స్టేట్, పెద్ద పేర్లు లేవు గానీ టామిన్ లిప్సీ లాంటి అక్కడే ఉండి ముదిరినవాళ్లు ఉన్నారు. కాన్సస్‌ను ఆరులో పెడుతున్నాను. పీటర్సన్ పక్షం అని పైన చెప్పి ఇదేమిటంటారా, కుర్రాడి మీద ప్రేమ వేరు, పందెం వేరు.

మార్చి రెండో వారంలో కాన్సస్ సిటీలో కాన్ఫరెన్స్ టోర్నమెంటు. అది ముగిసిన మర్నాడు పొద్దున్నే రండి. ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి వేసిన పెసరట్టు, ముగ్గురికీ. నాలుగో ప్లేటు డబ్బు ఎవరిస్తారో ఆరోజు చూద్దాం.